కిటికీలో మూడు వంతెనలు

చుట్టుపక్కలవాళ్ళు ఆమెను బుల్లి మేస్త్రి అంటారు. అందులో కాస్త వెటకారం ఉంది కానీ కుళ్ళు లేదు. ఆమె ఇళ్ళు కట్టేమాట నిజమే, కాకపోతే ఆ ఇళ్ళలో చీమలు తప్ప ఎవరూ కాపురం ఉండలేరు. అట్టముక్కలు, సన్నటి చెక్కపేళ్ళు, తెల్ల జిగురు, బ్లేడు, ఇనుప స్కేలు, ఇవే ఆమె ఇటుకలూ సిమెంటూ. పెద్దవాళ్ళు కట్టబోయే భవనాలను ముందుగా బల్లమీద పట్టేంత నమూనాలుగా చేసిపెట్టే దుకాణంలో ఆమెకు పని. చిన్నప్పుడు చెప్పుల పెట్టెలకు కిటికీలు కోసి తిట్లు తిన్న పిల్ల, పెద్దయ్యాక అదే పనికి జీతం పుచ్చుకుంటోంది.

ఒకరోజు దుకాణం యజమాని ఆమె బల్లమీద మూడు కాగితం చుట్టలు తెచ్చి పడేశాడు. ఊరి మధ్య నదికి కొత్త వంతెన వేస్తారట. ఉత్త వంతెన కాదు, మనుషులు కాపురాలుండే వంతెన.

"నదిమీద ఇళ్ళేంటి సార్, నేలమీద చోటు అయిపోయిందా?"

"అయిపోయే ఉంటుంది. మూడు ప్రతిపాదనలొచ్చాయి. మూడూ మనమే చెయ్యాలి, ఒకే కొలతలో. నగర కార్యాలయంలో పెడతారు, జనం చూసి నచ్చినదానికి చీటీ వేస్తారు. నీకేది నచ్చినా సరే, నోరు కుట్టేసుకో."

మొదటిది మామూలు వీధిని ఎత్తి నదిమీద పెట్టినట్టుంది, రెండువైపులా ఇళ్ళు, కింద కొట్లు. రెండోదానికి పైన తోట, ఇళ్ళన్నీ దారి కింద గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. మూడోది సన్నటి దారి, దాని నడుమ ఒకే ఒక్క ఎత్తయిన మేడ. మూడింటినీ చూశాక బుల్లి మేస్త్రికి కాలు నిలవలేదు. ఇంటికెళ్ళి అమ్మకు ఎప్పుడెప్పుడు చెబుదామా అని సాయంత్రం దాకా గిలగిల్లాడింది.

అమ్మ సంగతి చెప్పాలి. తుంటి విరిగినప్పటినుంచీ ఆవిడ మంచం దిగలేదు. కాళ్ళు మంచానికి అతుక్కుపోయినా ఆరా మాత్రం ఊరంతా తిరిగొస్తుంది. వంతెన మాట చెవినపడగానే దిండుమీద తల పైకెత్తింది.

"లారీ వెళ్తే మంచం ఊగదూ?"

"ఊగదంటున్నారమ్మా."

"స్నానం నీళ్ళు ఎక్కడికి పోతాయి? నదిలోకేనా? పోస్టు ఏ ఒడ్డునుంచి వస్తుంది? పెళ్ళాం మీద కోపమొచ్చి మొగుడు బయటికెళ్తే ఇటు వస్తాడా, అటు పోతాడా?"

"నన్నడుగుతావేంటమ్మా? నేను అట్టతో కడతానంతే."

"కట్టేదానివి నువ్వే కదే, నీకు తెలియొద్దూ?" అంది అమ్మ. ఆ రాత్రి భోజనం ముగిసేదాకా తల్లీకూతుళ్ళిద్దరూ ఆ మొగుణ్ణి ఏ ఒడ్డుకు పంపాలో తేల్చుకోలేకపోయారు.

అంతా బాగానే ఉంది కానీ, గిన్నెలు కడుగుతుండగా బుల్లి మేస్త్రికి ఒక సంగతి తట్టింది. వంతెన వచ్చేది సరిగ్గా తమ కిటికీ ముందు. నదికి అవతల, ఎదురుగా పాతమేడలో ఆమె పిన్ని ఉంటుంది. అమ్మకు చెల్లెలు, ఒంటరి మనిషి. ఆవిడకు చెవులు పూర్తిగా పోయాయి. ఫోను కొనిపెడితే భద్రంగా బీరువాలో దాచింది. అటు వెళ్ళాలంటే ఊరి చివర పాత వంతెన మీదుగా రెండు బస్సులు మారాలి, సగం రోజు దానికే సరి. అందుకని అక్కాచెల్లెళ్ళు తమలో తామే ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున్నే పిన్ని తన బాల్కనీలో ఎర్ర తువ్వాలు ఆరేస్తుంది, బాగున్నానని. అది చూసి అమ్మ తల పక్కనున్న దారం లాగుతుంది. చిన్న కప్పీ మీదుగా పసుపు తువ్వాలు కిటికీలో పైకి లేస్తుంది, నేనూ బాగున్నానని. కప్పీ బుల్లి మేస్త్రి చేసిపెట్టిందే. ఏదైనా తేడాగా అనిపిస్తే పిన్ని దుప్పటి ఆరేస్తుంది. ఈ ముసలాళ్ళిద్దరికీ రోజు మొదలయ్యేదే దాంతో. మధ్యలో ఇళ్ళు లేస్తే ఆ తువ్వాళ్ళ గతేంటి?

మర్నాటి నుంచి ఆమె దుకాణంలో మిగిలిన చిత్తు ముక్కలు ఇంటికి మోసుకొచ్చింది. లెక్క ప్రకారం కోసి, కిటికీ గట్టుమీద నిలబెట్టి, ఎదురుగా తను నిలబడి, ఒక కన్ను మూసి చూసేది. వీధి వంతెన పెడితే పిన్ని బాల్కనీ మాయమైపోయింది. గబ్బిలాల వంతెన పెడితే పైన తోటలో చెట్లు అడ్డమొచ్చాయి. మేడ వంతెన పెట్టింది. మేడకు కుడిపక్కన, సన్నటి సందులో, పిన్ని బాల్కనీ నిక్షేపంగా కనిపించింది. ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా, ఇదొస్తే మనకేం దిగుల్లేదు! పిన్ని కనిపిస్తుంది!"

అమ్మ దిండుమీదనుంచి ఆ అట్టమేడను చాలాసేపు చూసింది. "దీనికి రెండువైపులా కిటికీలున్నాయా?" అని మాత్రం అడిగింది. ఉన్నాయంటే, "అయితే బాగుంది," అంది.

ఇక నోరు కుట్టేసుకోమన్న మాట ఎటుపోయిందో ఏమో. మంగలి దగ్గర, పాలబూత్ దగ్గర, పైవాటాలో అద్దెకున్నవాళ్ళ దగ్గర, కనిపించినవాళ్ళందరి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. మేడ వంతెనకే చీటీ వెయ్యమని. పైవాటా ఆవిడ చివరికి చేతులెత్తి, "వేస్తాను తల్లీ, ఆ మేడ తెచ్చి నా నెత్తిన పెట్టినా సరే!" అంది. ఈమె పోరు వల్లో, జనానికి నిజంగానే నచ్చిందో, మేడ వంతెనే నెగ్గింది. బుల్లి మేస్త్రి మెట్లు రెండేసి ఎక్కుతూ ఇంటికొచ్చి ఆ కబురు చెప్పింది.

"సంతోషం. ఇలా వచ్చి నా పక్కన పడుకో," అంది అమ్మ.

"ఇప్పుడా? చెప్పులైనా విప్పలేదు."

"విప్పి పడుకో."

పడుకుంది. తల్లి దిండుమీద తల ఆన్చి కిటికీ వైపు చూసింది. మంచం ఉన్నది గోడ పక్కన, మూలకి. అక్కణ్ణుంచి చూస్తే అట్టమేడ జరిగి వెళ్ళి, సరిగ్గా పిన్ని బాల్కనీ మీద కూర్చుంది. తువ్వాలు కాదు కదా, గోడ అంచు కూడా కనపడటం లేదు. ఇన్నేళ్ళ అలవాటు మరి. నమూనా చుట్టూ నిలబడి చూడడమే కానీ, దాని ముందు పడుకుని చూసిన పాపాన ఆ దుకాణంలో ఎవరూ పోలేదు.

ఆమె లేచి కూర్చుంది. "నీకు ముందే తెలుసా?"

"మొదటిరోజే తెలుసు."

"మరి చెప్పలేదేం? ఊరందరి కాళ్ళూ పట్టుకున్నాను కదమ్మా!"

"నువ్వు సంబరపడిపోతున్నావు, ఎందుకులే అనుకున్నాను. అయినా ఆ వంతెన లేచేది ఇవాళా రేపా? అప్పటికి నేనుంటానటే?"

బుల్లి మేస్త్రి భోరుమంది. అమ్మ ఆమె తల నిమురుతూ ఉండిపోయింది.

"ఏడవకు, విను. నా బెంగ వంతెన గురించి కాదు. నేను పోయాక కూడా మీ పిన్ని పొద్దున్నే ఎర్ర తువ్వాలు వేస్తుంది. నేను పోయిన కబురు దానికి చెప్పు, దాచమనను. కానీ చెప్పినా వేస్తుంది. నాకు తెలుసు దాని సంగతి. వేసి నిలబడుతుంది. ఇటునుంచి ఏమీ లేవకపోతే, తననెవరో చూస్తున్నారని దానికెలా తెలుస్తుంది? వంతెన అయ్యేదాకా నువ్వు దారం లాగు. అయ్యాక నడిచి వెళ్ళు. అంత దగ్గరవుతుంటే ఇంకా ఈ తువ్వాళ్ళెందుకు?"

మర్నాడు పొద్దున ఎర్ర తువ్వాలు కనిపించగానే అమ్మ దారం కొస కూతురి చేతికిచ్చింది. బుల్లి మేస్త్రి లాగింది. పసుపు తువ్వాలు చటుక్కున పైకెళ్ళింది. అవతల పిన్ని కాసేపు కదలకుండా నిలబడి, లోపలికెళ్ళి, దుప్పటి తెచ్చి ఆరేసింది.

"చూశావా, కనిపెట్టేసింది!" అమ్మ పడీపడీ నవ్వింది. "అంత విసురుగానా లాగేది? నేను సగం లాగి, ఊపిరి తీసుకుని, మిగతాది లాగుతాను." దారం అందుకుని, దించి, తన పద్ధతిలో మళ్ళీ లాగి చూపించింది. అవతల దుప్పటి లోపలికి పోయింది.

అప్పట్నుంచి రోజూ పాఠమే. కూతురు లాగడం, దుప్పటి రావడం, అమ్మ సరిదిద్దడం. ఎక్కడ ఆగాలో, చెయ్యి ఎంత వణకాలో కూడా నేర్పింది. పిన్ని ఎలా కనిపెడుతోందో ఇద్దరికీ పెద్ద వింతగా ఉండేది. అంత దూరం నుంచి తువ్వాలు చూసి, లాగిన చెయ్యి ఎవరిదో చెబుతోందంటే చెవుల బలమంతా కళ్ళలోకే వచ్చి ఉండాలి అనుకునేవాళ్ళు.

ఒక పొద్దున బుల్లి మేస్త్రి సగం లాగింది, ఊపిరి తీసుకుంది, మిగతాది లాగింది. ఇద్దరూ చూస్తున్నారు. పిన్ని ఇటువైపు చూసి, ఎర్ర తువ్వాలు దులిపి మడిచి, మామూలుగా లోపలికి వెళ్ళిపోయింది. దుప్పటి రాలేదు.

"హమ్మయ్య," అంది అమ్మ, తృప్తిగా కళ్ళు మూసుకుని.

బుల్లి మేస్త్రి దారం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎందుకింత బాగా నేర్చుకున్నానా అని తనమీద తనకే కోపమొచ్చింది.