మంగళం పాడని కథ కోసం అనకాపల్లి

అనకాపల్లి వెళ్ళొచ్చానంటే మా వీధిలో అందరూ "బెల్లం తెచ్చావా?" అని అడిగారు. తేలేదు. నేను వెళ్ళింది ఒక కథ చివర వినడానికి. అదీ పూర్తిగా వినలేదు. అయినా మీలో ఎవరైనా అటు వెళ్తారేమోనని రాస్తున్నాను.

పైడయ్యగారు పోయి రెండు నెలలు దాటింది. ఆయన జముకు మీటుతూ జముకుల కథ చెప్పేవారు. ఉత్తరాంధ్ర జాతర్లలో ఆయన గొంతు ఎరగనివాళ్ళు తక్కువ. జాతర్లు లేని రోజుల్లో రైలుకట్ట పక్కన చిన్న గిఫ్టు షాపు నడిపేవారు. పోస్టాఫీసు ఉద్యోగంలో అక్కడున్న ఐదేళ్ళూ నేను ఆ షాపు మేడ మీద గదిలో అద్దెకున్నాను. సాయంత్రం కిందికి దిగి స్టూలు మీద కూర్చుంటే, ఆయన పెళ్ళికానుకలకు రంగుకాగితం చుడుతూ కథ చెప్పేవారు. నా పని ఊ కొట్టడం. ఎప్పుడైనా పరధ్యానంలో పడితే చేతిలో టేపు అలాగే పట్టుకుని, "పోస్టమ్మా, ఊ పడలేదు" అనేవారు. ఊ పడందే కథ కదిలేది కాదు, గిఫ్టు ప్యాకింగూ కదిలేది కాదు.

రాజమండ్రి వచ్చేశాక ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్లో చెప్పేవారు. చివరి కథలో సీతాలనే పిల్ల, బెల్లం వండే తండ్రికి అన్నం తీసుకెళ్తూ చెరుకుతోటలో దారి తప్పుతుంది. "అయ్యా!" అని పిలుస్తుంది. తోటలోంచి "ఊ" అని వినిపిస్తుంది. అటు వెళ్తుంది. మళ్ళీ పిలిస్తే ఆ ఊ ఇంకాస్త దూరం నుంచి వస్తుంది. మూడోసారి పిలవబోతుండగా, "మిగతాది పై ఆదివారం" అన్నారు. ఆ ఆదివారానికి ఆయన లేరు.

మొన్న వాళ్ళమ్మాయి ఈశ్వరి ఫోన్ చేసింది. ఇప్పుడు షాపు ఆమే చూసుకుంటోంది.

"అమ్మా, షాపులో ఎవరో ఊ కొడతన్నారు. బేరం అడిగినా ఊ, చిల్లర లెక్కెట్టినా ఊ. జనం రావడం మానీసేరు. నాన్న కథ సగంలో ఉండిపోయింది గదా, అందుకేనంటన్నారు. మీరొచ్చి కూకోండి, మంగళం పాడించీసి ఆ జముకు శారదానదిలో కలిపీద్దుం. లేకపోతే షాపు మూసీడమే."

జముకుల కథకు ఒక నియమం ఉంది. చెప్పేవాళ్ళు మంగళం పాడకుండా ఆపకూడదు, వినేవాళ్ళు మంగళం దాకా లేవకూడదు. ఫోన్లో వినేవాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు కానీ, నాకు మాత్రం రెండు నెలలుగా లేవకుండా కూర్చున్నట్టే ఉంది. దెయ్యాలను నమ్మే మనిషిని కాదు. టిక్కెట్టు తీసుకుంది మాత్రం పొద్దుటి బండికే.

రాజమండ్రిలో ఎనిమిది దాటాక ఎక్కాను. కిటికీ సీటు దొరికింది. సామర్లకోటలో కొన్న ఇడ్లీ చల్లగా ఉన్నా పచ్చడి బాగుంది. తునిలో ఒకావిడ జీడిపప్పు సంచులతో ఎక్కి పక్కన కూర్చుంది. ఏ ఊరు, ఎవరింటికి అని అడిగింది. చెప్పాను.

"పైడయ్య సాపుకా? ఊ కొట్టే సాపు!" అంటూ సంచి ఒళ్ళోకి లాక్కుంది. "మా తోటికోడలు బారసాలకి ఎండిగిన్నె కొందుమని ఎల్లింది. ఇది మంచిదేనా అని అడిగితే గోడ 'ఊ' అందట. గిన్నె అక్కడే ఒగ్గీసి వచ్చీసింది."

"మంచిదేనని చెప్పింది కదండీ, ఇంకేం!" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మీరు ఎటకారాలాడకండమ్మా. పిలిత్తే పలికేవోళ్ళు అందరూ మనోళ్ళు కారు" అంది.

ఎలమంచిలి దాటాక రెండు పక్కలా చెరుకుతోటలు మొదలయ్యాయి. గాలి లేదు. అయినా లోపలెక్కడో ఒక్కచోట ఆకులు కదిలాయి. నక్కో పందో అయ్యుంటుంది. అటు చూడటం మానేసి ఇడ్లీ కాగితం మడిచాను.

పదకొండు ప్రాంతంలో అనకాపల్లిలో దిగాను. స్టేషను బయట కశింకోట వైపు వెళ్ళే షేరాటో ఎక్కండి, ఇరవై రూపాయలు. షాపు పేరు చెబితే డ్రైవరు వెనక్కి తిరిగి ఒకసారి చూస్తాడు. పట్టించుకోకండి.

షాపు అప్పటిలాగే ఉంది. అద్దాల బీరువాల్లో లక్కబొమ్మలు, కుంకుమ భరిణెలు, ఎవరివో తెలియని నవ్వుముఖాలతో ఫొటో ఫ్రేములు. అమ్మకానికి పెట్టిన గోడగడియారాలన్నీ పదీ పదికే ఆగి ఉన్నాయి. మునుపు వాటిని పట్టించుకోనేలేదు, ఈసారి ఎటు తిరిగినా అవే కనిపించాయి. గోడకు దండ వేసిన పైడయ్యగారి ఫొటో. పక్క మేకుకు ఆయన జముకు, దానికీ ఒక దండ. చూడనివాళ్ళకు చెబుతున్నాను: చెంబంత ఇత్తడి గుల్ల, అడుగున తోలు, ఆ తోలు మధ్య నుంచి ఒక నరం, నరం కొసకు చిన్న పుల్ల. గుల్లను చంకలో ఇరికించి, పుల్ల లాగిపట్టి నరాన్ని మీటుతారు.

"వచ్చీసేరా అమ్మా" అంటూ ఈశ్వరి ఎదురొచ్చింది. మనిషి సగమైపోయింది.

"బాగున్నావా ఈశ్వరీ?" అన్నాను.

"ఊ" అని గోడ అంది.

సన్నగా, ముక్కుతో అన్నట్టు. ఆ గొంతు పైడయ్యగారిది కాదు. మరెవరిదీ కూడా కాదు. ఈశ్వరి నా ముఖంలోకి చూసి, "ఇన్నారా?" అని మాత్రం అంది.

భోజనం పక్క వీధి మెస్సులో చేశాం. తొంభై రూపాయలు, ఆనపకాయ పులుసు అమృతం. తిరిగొచ్చేసరికి సింహాద్రి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పైడయ్యగారికి ముప్పయ్యేళ్ళు వంత పాడిన మనిషి. పైడయ్యగారు పోయాక షాపుకు రావడం అదే మొదటిసారట. లోపలికి వచ్చి గోడకేసి చూస్తూనే మండిపడ్డాడు.

"ఇదేటే ఈశ్వరీ, ఉరేసినట్టు తగిలించీసినావు! జముకుని పడుకోబెట్టాల. పుల్లని మేకుకి తగిలిత్తే గుల్ల బరువుకి నరం బిగిసిపోద్ది. మాటకీ పలుకుద్ది, రైలుకీ పలుకుద్ది."

అంతలో గూడ్సుబండి వచ్చింది. బీరువా అద్దాలు గజగజలాడాయి. జముకు "ఊఊఊ" అని బండి పోయేదాకా మూలిగింది. నాకు నవ్వాగలేదు. ఇంతేనా అనిపించి గుండె తేలికపడింది.

ఈశ్వరి నవ్వలేదు.

"అయితే నాన్న కాదా?" అంది. రెండు నెలలు భయపడిన మనిషి గొంతులో ఊరట వినిపిస్తుందనుకున్నాను. వినిపించలేదు.

సింహాద్రి జముకును దించి గుడ్డ మీద పడుకోబెట్టాడు. నరం వదులైంది. షాపు ఒక్కసారిగా మూగబోయింది. ఇక కథ పూర్తి చేయాలి. "నాకు వంతే వచ్చు తల్లీ, ముందు పాడీవోడు ఆడే గదా" అన్నాడు సింహాద్రి. ఇద్దరం ఈశ్వరి వైపు చూశాం. పుట్టినప్పటి నుంచీ ఆ కౌంటరు దగ్గర వింటూ పెరిగిన పిల్ల, ఆమెకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది? ఈశ్వరి ఒక ఖాళీ అట్టపెట్టె తీసుకుని రంగుకాగితం చుట్టడం మొదలుపెట్టింది. అప్పుడు మాట వచ్చింది.

"సీతాలు మూడోపాలి పిలిచింది. అయ్యా! అని."

"ఊ" అన్నాం ఇద్దరం.

"తోట చివర్నించి ఊ అని వినిపించింది. పరిగెట్టింది. గట్టెక్కింది. చూస్తే పొయ్యి ఆరిపోయుంది. పెనం చుట్టూ జనం. అయ్యని పొద్దున్నే పాము కరిచీసింది."

"ఊ."

"మరి తోటలో పలికిందెవరు? అయ్యే. పిల్ల గట్టెక్కీదాకా పలికేడు. అప్పుడు ముసలమ్మ ఒకామె సీతాలు నోటికి చెయ్యి అడ్డెట్టి, ఇంక పిలవకే అంది. నువ్వు పిలిచినన్నాళ్ళూ ఆడు తోటలోనే తిరుగుతాడు. నువ్వు మానేస్తేనే ఆడి దారిన ఆడు పోతాడు, అని."

ఈసారి ఊ కొట్టడం మరిచిపోయాను. సింహాద్రి మంగళానికి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. ఈశ్వరి కాగితం మడత దగ్గర ఆగిపోయింది.

"మంగళం పాడీసినాక నాన్నని పిలవకూడదు గదా మావా?"

"పిలవకూడదమ్మా."

"అయితే పాడను."

స్టూలెక్కింది. జముకు పుల్లను మళ్ళీ మేకుకే తగిలించి, దండ సర్దింది.

"పిచ్చిదానా, జనం రారే. సాపు పోద్ది" అన్నాడు సింహాద్రి.

"పోతే పోనీ. నదిలో కలపను."

దిగి, ఫొటో వైపు తిరిగింది. పిలవబోతోందని నాకు తెలిసిపోయింది. ఫ్యాను ఆగి ఉంది. పట్టాల మీద బండి లేదు. మాలో ఎవరమూ మాట్లాడటం లేదు. ఈశ్వరి ఇంకా నోరు తెరవనే లేదు.

"ఊ" అంది జముకు.

సింహాద్రి భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. బరువు గురించీ నరం గురించీ మళ్ళీ ఒక్క మాట అనలేదు. నాకు భయం వేసింది, ఉన్నమాటే చెబుతున్నాను. అంతకంటే ఎక్కువగా అసూయ వేసింది. మా నాన్న పోయినప్పుడు నన్ను కూడా అందరూ పిలవొద్దనే అన్నారు. నేను వాళ్ళ మాట విన్నాను.

సాయంత్రం బండికి బయల్దేరాను. గుమ్మం దాటేముందు సింహాద్రి, "మంగళం కాకుండా లేత్తన్నారు, మళ్ళీ రావాల మరి" అన్నాడు. వస్తానన్నాను.

బండి స్టేషను వదలగానే ఎడం పక్క కిటికీకి మారాను. కట్ట పక్కనే కదా షాపు, నా బండి అదురుకు ఇప్పుడు జముకు మూలుగుతూ ఉంటుందని లెక్కవేసుకున్నాను. లైట్లు వేసి ఉన్నాయి. లోపల కొనేవాళ్ళెవరూ లేరు. ఈశ్వరి కౌంటరు వెనక నిలబడి ఏదో ప్యాకింగు చేస్తోంది, ముఖం గోడవైపు తిప్పి ఉంది. పెదవులు కదులుతున్నాయి. టేపు పట్టుకున్న చెయ్యి ఉన్నట్టుండి గాల్లో ఆగింది.

పక్కవాళ్ళు ఏమనుకున్నా సరేనని, కిటికీ ఊచలు పట్టుకుని గట్టిగా "ఊ" అన్నాను.

చెయ్యి కదిలింది.