డైరెక్ట్ ఇచ్చిన బ్యాటరీ

మా కిరాయి ఇంటి ఓనరు మీద నా కోపం ఇంకా చల్లారలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల మీద కోపమేమిటి, పాపం మంచికే చేశాడు కదా అంటారు మావాళ్లు. ఆ మంచే నా కడుపు మండించింది.

తొంభైల్లో మేం పటాన్‌చెరు నుంచి భానూరు వెళ్లే దారిలో ఒక రేకుల గదిలో ఉండేవాళ్లం. పొలం ఫ్యాక్టరీలకు పోగా మిగిలిన జాగాలో ఆయన వరసగా గదులు వేసి కూలీలకు ఇచ్చాడు. కరెంటు కిరాయిలోనే కలిసి ఉండేది. అందుకని గదికి ఒక బల్బు, ఒక ఫ్యాను అని రూలు పెట్టాడు. అంతకు మించి ఏం వెలిగినా లోపలికి వచ్చి ఆర్పేసేవాడు, తలుపు కొట్టే అలవాటు కూడా లేదు.

మా నాన్న ఒక రసాయనాల ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగేవాడు. కడిగి కడిగి ఛాతీ పాడైంది. దమ్ము మొదలయ్యాక ఇక రావద్దన్నారు. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు తీసేస్తే ఆ రేకుల కింద ఆయనకు ఊపిరి ఆడేది కాదు. మొహానికి కాస్త గాలి తగిలితే చాలు, దమ్ము నెమ్మదించేది. ఇంట్లో ఉంటే నేను విసిరేదాన్ని. నేను డ్యూటీకి పోతే ఎవరు విసరాలి?

నేను పనిచేసే చోట తీగలకు టంకం పెట్టడమే నా పని. ఆ పనితనంతోనే కబాడీ దుకాణంలో వెతికి, ఎవరో పారేసిన ఎమర్జెన్సీ లైట్ల బ్యాటరీలు, అరచేతంత కంప్యూటర్ ఫ్యాను ఒకటి తెచ్చాను. బ్యాటరీలను పారేసినవాళ్లు వాటి చార్జరు మాత్రం పారేయలేదు. అందుకని పాత యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు డయోడ్లు కలిపి చార్జరు నేనే చేసి, దానికీ బ్యాటరీకీ మధ్యలో ఒక స్కూటర్ బల్బు పెట్టాను. కరెంటంతా ఒక్కసారిగా బ్యాటరీ మీద పడకుండా ఆపేది ఆ బల్బే. అది మసకగా వెలుగుతుంటే బ్యాటరీ మెల్లగా నిండుతుంది. బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూస్తూ, గోరువెచ్చగా తగలగానే ప్లగ్గు తీసేయాలి. ఆ పని నాన్నది, ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

ఆ చిన్న ఫ్యాను మొదటిసారి తిరిగినప్పుడు నాన్న దాని ముందు మొహం పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. నాకు ఎంత గర్వమో చెప్పలేను.

ఒకరోజు పొద్దుటి షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి అప్పటికే కరెంటు పోయింది. నాన్న గది బయట అరుగు మీద ఎండలో కూర్చుని ఎగపోస్తున్నాడు. పక్కనే ఓనరు తీరిగ్గా వక్క నములుతున్నాడు. లోపలి నుంచి కాలిన వాసన. పరుగెత్తి వెళ్లి చూశాను. బ్యాటరీల తొడుగు కరిగి నేలకు అంటుకుంది. ట్రాన్స్‌ఫార్మర్ నల్లబడింది. స్కూటర్ బల్బు మాత్రం భద్రంగా కిటికీలో ఉంది.

"పట్టపగలు బల్బెందుకు బిడ్డా? బ్యాటరీకి పొయ్యే కరెంటు సగం అదే తింటున్నది. తీసేసి డైరెక్ట్ ఇచ్చిన. జల్దీ నిండుతదని" అన్నాడు ఓనరు, మెచ్చుకుంటాననుకుని.

డైరెక్ట్! ఆ మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మా వైపు ఏది ఆగినా మందు అదే. ఫ్యూజు పోతే తీగ మెలేసి డైరెక్ట్. బోరు స్టార్టరు మొరాయిస్తే డైరెక్ట్. మధ్యలో ఉన్నదల్లా దండగే, అది అక్కడ ఎందుకుందో ఎవరూ అడగరు. డ్రమ్ములు కడిగేటప్పుడు మూతికి మాస్కు కావాలని నాన్న అడిగితే సూపర్‌వైజరూ అంతే, పని లేటవుతుందన్నాడు.

"పటేలా, అడగకుంట ఎట్ల ముట్టుకున్నవ్? దాని మీదనే మా నాయిన పానముంది" అన్నాను.

"ఏందే, గొంతు లేస్తున్నది? తుక్కు సామాను తెచ్చి నా మీద పడతవా? నా రూము అంటుకుంటే ఎవరు జిమ్మేదారు?"

నేను ఇంకేదో అనబోయేలోపే నాన్న రెండు చేతులూ జోడించాడు. నాకు కాదు, ఆయనకు. "చిన్నపిల్ల... మనసుల వెట్టుకోకు... పటేలా." మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందక ఆగుతున్నాడు. ఓనరు దులుపుకుని లేచి వెళ్లిపోయాడు.

అప్పుడు నా కోపమంతా నాన్న మీదికి తిరిగింది. "నువ్వు ఇంట్లనే ఉన్నవ్ కద! బల్బు తియ్యొద్దని చెప్పకపోయినవా?"

"చెప్పబోయిన. నాకు తెల్వదా అన్నడు."

"ఆయన బయటికి రాంగనే ప్లగ్గన్న పీకకపోయినవా?"

"అరుగు మీద కూసోని ముచ్చట వెట్టిండు బిడ్డా. వాసనొచ్చింది, లేవబోయిన. ఏడికి, కూసో అన్నడు. ఆయన ముంగట్నే ఆయన వెట్టిన తీగె ఎట్ల పీకుత?"

"పీకితే ఏమైతది? ఊపిరి నీదా, ఆయనదా?" అని అరిచాను. పక్క గదులవాళ్లు తొంగి చూశారు.

నాన్న గోడకు ఆనుకుని, రెండుసార్లు గట్టిగా గాలి పీల్చుకున్నాడు.

"ఊపిరి నాదే బిడ్డా" అన్నాడు. "రూము ఆయనది."