టీచరమ్మ అంటగట్టిన జబ్బు

మూడో తరగతి టీచరమ్మ చెప్పులు విడిచి, బల్ల కింద కాళ్లు బార్లా చాపిందంటే గంట కొట్టేదాకా లేవదు. తనను లేపిన ప్రతి పిల్లాడికీ ఏడీహెచ్‌డీ, అంటే కుదురో ధ్యాసో నిలవని జబ్బు, అంటగడుతుంది ఆ మహాతల్లి. బెంచీ కదిలినా అదే, పెన్సిల్ కిందపడినా అదే. ఆవిడ లెక్కన సగం క్లాసుకి జబ్బే.

చివరికి పిల్లల డాక్టరు వచ్చి, పొద్దంతా వెనక బెంచీలో కూర్చుని చూశాడు.

"క్లాసుకి ఏ ఒకరికో ఇద్దరికో ఉంటుందండీ. ఆ కిటికీ పక్క పాపకి పరీక్షలు చేయించాలి" అన్నాడు.

ఆ పిల్ల పొద్దుటినుంచీ పేజీ తిప్పలేదు. మూడుసార్లు పిలిస్తేగానీ ఉలిక్కిపడి చూడలేదు.

టీచరమ్మ ఆవలించి నవ్వింది.

"దానికేం జబ్బండీ, బంగారం. నన్ను కుదురుగా కూర్చోనిచ్చేది అదొక్కటే."