నాయన తువ్వాల దులిపిన రోజు

మా ప్రయోగశాలలో లేజర్ పేల్చినప్పుడు చిటుక్కుమని చిన్న చప్పుడు, అంతే. ఆవగింజంత గుళిక ఆ దెబ్బకు కరగడం కూడా కాదు, ఏకంగా ప్లాస్మా అయిపోతుంది. సూర్యుడి కడుపులో మండేది అలాంటిదే. దాన్ని తాకి చెదిరిన వెలుగులో రవ్వంత మా పరికరానికి చిక్కుతుంది. లోపల ఎంత వేడి పుట్టిందో ఆ రవ్వంతే చెబుతుంది. ఇన్నేళ్లయినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ జలదరింపు నాకు అంటించినవారు కడప కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన హుసేన్ సారు.

పందొమ్మిది వందల డెబ్బైల చివరి మాట. ఇంటర్ తర్వాత నన్ను చదివించాలా, మానిపించాలా అని మా నాయన ఊగిసలాడుతున్నారు. కాలేజీలో సైన్సు ప్రదర్శనకు పెద్దవాళ్లను పిలిస్తే, "చూసినాకనే చెప్తా" అంటూ మా ఊరు వేంపల్లె నుంచి బస్సులో వచ్చారు. సారు ఒక గదిని చీకటి చేసి, కిటికీ రంధ్రంలోంచి ఎండను లోపలికి పంపారు. ఎండ పడ్డచోటు మెరవకుండా ఎదురుగోడకు నల్లగుడ్డ కట్టించారు. అంతకుముందు రోజుల్లో ఆ ఎండ గదికి అడ్డంగా వెండి కడ్డీలా మెరిసేది. ఆ రోజు ఏమీ లేదు! పెద్దలొస్తున్నారని పొద్దున్నే మేమంతా గది కడిగి, గోడలు తుడిచి, వాకిలి ముందు చల్లినట్టు నీళ్లు చల్లాం. దుమ్మంతా అణిగిపోయింది.

"వెలుగు యాడుండాది సారూ?" అన్నారు నాయన. "కండ్లు పొడుచుకున్నా కనపడ్లే. దీని కోసరమా మా పాప చదివేది?"

నా చదువు అక్కడితో సరి అనుకున్నాను. సారు మాత్రం నవ్వారు. "చెయ్యి ఈడ పెట్టన్నా." నాయన అరచేతిలో రూపాయి బిళ్లంత ఎండ వెలిగింది. "ఉండాది గదా! దేన్నీ తగలకుండా పోతాంది, అందుకే మన కంటికి రాలే. నీ తువ్వాల ఒకసారి దులుపు."

నాయన సిగ్గుపడిపోయారు. "బస్సు దుమ్ము సారూ. శానా ఉండాది."

"అదే కావాల."

దులిపారు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెలుగు ఒక్కసారిగా లేచింది. వేంపల్లె మట్టి అందులో బంగారు నలకలై తిరుగుతోంది. రోజూ చూసిన నేనే నోరు తెరుచుకుని నిలబడ్డాను. నాయన గుడిలో ఉన్నంత మెల్లగా, "పుట్టినప్పటి నుంచి ఈ దుమ్మే తింటాండా సారూ" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "మ్మే, ఇదేందో పూర్తిగా నేర్చుకో" అన్నారు.

సారుకంటే లోతుగా ఫిజిక్స్ చెప్పినవారు నాకు తర్వాత దొరికారు. కానీ మా ప్రయోగశాల చూడటానికి ఎవరైనా వస్తే నేను వాళ్లను నేరుగా పరికరం దగ్గరికి తీసుకుపోను. ఏ ఊరు, ఏం పని చేస్తారు అని కూర్చోబెట్టి అడుగుతాను. ఆలస్యమవుతోందని మా కుర్రవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ రోజు గదిలో మేమంతా వెలుగు కోసం వెతుకుతుంటే, సారు ఒక్కరే మా నాయనను చూశారు.