సమాధి మీద అంగడి అక్షరం

ఏన్కూరులో బస్సు దిగినవాళ్ళకు మనుషుల కన్నా ముందు బోర్డులు రాసే జోజి అక్షరాలే కనిపించేవి. పొంగిన పూరీల్లా ఉబ్బి, మూలలన్నీ గుండ్రంగా తిరిగిన లావు అక్షరాలు. గరుకు గోడ మీద సన్నని కొస నిలవదు. పైగా కొత్తగూడెం పోయేవాడు కదిలే బస్సు కిటికీలోంచి ఒక్క చూపులో చదువుకోవాలి. అందుకే ఎరువుల కొట్టయినా, చికెన్ సెంటరయినా జోజి రాస్తే బజారు మధ్య నిలబడి కేకేసినట్టుండేది. "నీ అక్షరాలకు కడుపు నిండింది గానీ మనకే నిండలే" అని నవ్వేది భార్య రిబ్కా.

సమాధుల మీద మాత్రం ఆ రాత రాసేవాడు కాదు. నవంబరులో సమాధుల పండుగకు ముందు ఊళ్ళో క్యాథలిక్కులంతా తమవాళ్ళ సమాధులకు సున్నం వేస్తారు. పాత పేరు సున్నం కింద మునిగిపోతుంది. దాన్ని మళ్ళీ రాయడం జోజి వంతు. సన్నని కుంచెతో, వంగి చూస్తే తప్ప కనపడనంత చిన్నగా రాసేవాడు. రాస్తున్నంతసేపూ ఇంటివాళ్ళు పక్కన కూచుని పోయినవాళ్ళ ముచ్చట్లు చెప్పాలి. ఎవరు పెట్టిన ఆచారమో తెలియదు. "మా అత్త పులుసుల తనే ఉప్పు ఎక్కువేసి నా మీదికి తోసేది" అని ఊళ్ళోని పుష్పలత చెబుతుంటే, ఆ అత్త పేరు రాస్తున్న జోజి చేయి నవ్వుకు కదిలిపోయి, తుడిచి మళ్ళీ రాయాల్సి వచ్చింది ఒకసారి.

రిబ్కా పోయాక ఆమె పేరు అన్నిటికన్నా చివర, అందరూ వెళ్ళాక రాసేవాడు. చెప్పేదీ తనే, రాసేదీ తనే.

కూతురు ఆరాధనది బజారులో ఫ్లెక్స్ షాపు. తండ్రి పాత బోర్డులన్నీ ఫొటోలు తీసి, హైదరాబాదులో తెలిసినవాళ్ళ చేత కంప్యూటర్ ఫాంటుగా చేయించి, దానికి 'జోజి' అనే పేరు పెట్టింది. ఇప్పుడా లావు అక్షరాలు టిఫిన్ సెంటర్ల మీదా తేనె సీసాల మీదా చండ్రుగొండ దాకా పాకాయి. అందుకు జోజికి కోపం రాలేదు. పని లేకపోయినా బజారుకు పోయి చూసుకొచ్చేవాడు కూడా.

కోపం ఈ పండుగకు వచ్చింది. బంక కలిపిన సున్నం బకెట్ పట్టుకుని పోతుంటే చర్చిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి ప్రభు ఎదురయ్యాడు.

"ఇగ నీకేం పని మామా? అత్త సమాధి మస్తు మెరుస్తుంది. బస్సుల కూసోని గూడ చదువుకోవచ్చు."

పోయి చూస్తే సమాధి తలాపున నల్ల గ్రానైట్ పలక. దాని మీద బంగారు రంగులో, లావుగా, గుండ్రంగా, రిబ్కా పేరు. పక్కనే ఆరాధన, తండ్రికి కానుక ఇచ్చిన ముఖంతో.

"ఎట్లుంది నాయినా? నీ రాతే. నీ చేతులు వణుకుతున్నయ్ గదా, ఇగ ఏటేటా రాసే పని లేదు."

జోజి బకెట్ కింద పెట్టాడు. ముఖం నల్లబడింది.

"ఎవర్ని అడిగి పెట్టినవే?"

"అడిగితే వద్దంటవని..."

"వద్దంటనని తెలిసే పెట్టినవన్నట్టు."

"అందరు మంచిగుందంటున్నరు."

"చికెన్ సెంటరోడు గూడ మంచిగుందనే అంటడు. గీ అక్షరం తొవ్వల పోయేటోన్ని కేకేసి పిలిచేది. మీ అమ్మ ఏం అమ్ముతుందే ఈడ?"

ఆరాధన కళ్ళు నిండాయి. "నీకు కష్టం తప్పుతదని చేసిన. తిట్టించుకునేటందుకు కాదు."

"కష్టమని నీకు నేను చెప్పిన్నా? ఏడాదికొక్క పూట ఆమెతోని కూసునేది. దాన్ని గూడ నువ్వు పనే అనుకున్నవ్."

పాత రంగు గీకే రేకు తీసి పలక అంచు కింద దూర్చాడు. చేతి నరాలు లేచాయి గానీ పలక కదల్లేదు.

"గమ్ము గట్టిగ పెట్టిచ్చిన. రాదు."

జోజి రేకు విసిరికొట్టాడు. కుంచె సున్నంలో ముంచి పలక మీదే కొట్టాడు. నున్నటి రాయి మీద సున్నం జారి కారిపోయింది. మళ్ళీ కొట్టాడు. ఎండకు ఆరిందాకా పళ్ళు కొరుకుతూ కూచుని, మళ్ళీ కొట్టాడు. చెక్కిన గాట్లన్నీ పూడి, లావు అక్షరాలు తెల్లదనంలో మునిగిపోయేదాకా వదల్లేదు.

"నిలవదు నాయినా. మొదటి వానకే పోతది."

"పోనియ్. మళ్ళొచ్చి రాస్త. ఏడాదికొక్కసారే రావాలని ఎవడన్నడు?"

సన్నని కుంచె తీశాడు. తల తిప్పకుండానే అన్నాడు: "ఊకె నిలబడకు. కూసో. చెప్పు."

"ఏం చెప్పాలె?"

"మీ అమ్మ ముచ్చట. ఇన్నేళ్ళు ఒక్కన్నే చెప్పుకున్న."

ఆరాధన కూచుంది. ఆమెకూ కోపం దిగలేదు.

"నీతోని బతకాలంటే చెవుల్ల దూది పెట్టుకోవాలె అనేది."

కుంచె ఆగింది. "అబద్ధం."

"ఒట్టు. నువ్వు గోడ మీద ఒర్లినా, ఇంట్ల ఒర్లినా ఒక్కతీరే అనేది."

జోజి నవ్వలేదు. చేయి మాత్రం పక్కకు కదిలి గీత వంకరపోయింది. దాన్ని తుడవకుండానే తర్వాతి అక్షరం మొదలుపెట్టాడు.