పదునులో దించిన కాలు

ఆ ఏడు విత్తే కాలం వచ్చినా వాన చుక్క రాలలేదు. బెళుగుప్ప దగ్గరి మా ఊరి జనమంతా వరదపాశం పెట్టడానికి కొండెక్కినాము. వండిన పాయసాన్ని కొండమీది బండపై పోసి, చేతులు వెనక్కి పెట్టుకుని నాలుకతో నాకితే వాన దిగుతుందని మా నమ్మకం. దిగేటప్పుడు అందరూ కాలిబాట పట్టినారు. నేను మాత్రం తొందరగా చేరాలని నున్నటి బండమీదుగా అడ్డం దిగినాను. అరికాళ్లకు పాయసం జిగట. జారినాను. కింద రాళ్లలో పడి చూసుకుంటే కుడికాలు మోకాటి కింద చర్మం చీలి, పక్కకు తిరిగి ఉంది. నొప్పి తెలియలేదు. అందుకే భయమేసింది.

మంచంమీద మోసుకొచ్చి, బస్సెక్కించి అనంతపురం పెద్దాసుపత్రిలో చేర్పించినారు. డాక్టరు ఎక్స్‌రే చూసి, "రెండెముకలూ ఫ్రాక్చర్. ఇన్ఫెక్షన్ లోపలికి దిగితే కాలు తీసెయ్యాల్సి వస్తుంది" అన్నాడు. పెన్సిలిన్ సూదులు, ఆపైన ప్లాస్టర్. బయట కొన్న మందులకు నా భార్య నాగమ్మ చెవి కమ్మలు పోయినాయి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను వదిలి ఆమెకు చెప్పినాడు. "నేను చెప్పేదాకా కాలు నేలకు ఆనకూడదమ్మా. ఆనితే మొదటికొస్తుంది."

కొన్నాళ్లకే వాన పడింది. మా నేలలో పదును, అంటే విత్తనానికి సరిపోయే తడి, ఎక్కువ నిలవదు. ఊరంతా శనక్కాయ విత్తుతాంటే నేను మంచంలో ఎద్దుల గంటలు వింటూ పడుకున్నాను. పక్కింటి దస్తగిరి వాకిట్లోకి వచ్చినాడు.

"అన్నా, నాది సాయంత్రానికి అయిపోతాది. పొద్దున్నే మీ చేను విత్తుతా."

"అప్పటికి పదును ఆరిపోతాదిలే అప్పా."

"ఆరదు. నువ్వు కదలాకు. కొండమీద చూపిచ్చిన పౌరుషం చాల్లే!"

నాగమ్మ నవ్వింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. నా చేను ఇంకొకడు విత్తడమేమిటి అనుకున్నాను. ఆమె నీళ్లకు పోగానే ఇంటి వెనక చేలో ఎద్దులకు మడక కట్టి, కర్ర ఊతంగా మేడి పట్టినాను. మలుపులో ఎద్దులు గుంజినాయి. కాలు దించినాను. ప్లాస్టర్ లోపల ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది.

నాగమ్మ బిందె పడేసి పరుగెత్తుకొచ్చింది. "ఎవరికి చూపిద్దామని మామా?" అని మాత్రం అడిగింది. మట్టిలో తల వాల్చినాను.

"ఎముక జరిగింది, చీము పట్టింది. ఇప్పుడు ఆపరేషన్ చెయ్యాలి. కాలు నిలుస్తుందని మాటివ్వలేను" అన్నాడు డాక్టరు. ఎద్దులు అమ్మక తప్పలేదు. దస్తగిరే సంతకు తోలుకుపోయి, దుడ్లు తెచ్చి నాగమ్మ చేతిలో పెట్టినాడు. అమ్మేముందు, నేను చేలో పడిన మరునాటి పొద్దున, ఆ ఎద్దులతోనే మా చేను విత్తినాడంట. పదును ఆరలేదు.

కాలు నిలిచింది, కాస్త పొట్టిగా. ఎద్దులు మళ్లీ కొనలేకపోయినాను. దస్తగిరి ఎద్దుల జతే మా చేను దున్నుతుంది. బదులుగా గట్టున కూర్చుని వాళ్ల శనక్కాయ ఒలుస్తాను.

ప్లాస్టర్‌తో ఇంటికి పోయేవాళ్లకు ఒకటే చెప్తాను. ఇల్లు చేరిన రోజే మీ పని చేసే మనిషిని పిలిచి అప్పజెప్పండి. వాళ్లు పని మొదలుపెట్టినప్పుడు, చూస్తూ ఉండలేకపోతే, గోడవైపు తిరిగి పడుకోండి.