తలుపు నాడి

ఆ బట్టల ఫ్యాక్టరీకి కాపలా కాసే పెద్దాయన్ని అందరూ డాక్టరు అనేవారు. రౌండుకు వెళ్లినప్పుడల్లా ప్రతి తలుపుకూ చేతి వెనక వైపు ఆనించి చూసేవాడు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. ఇవాళ ఎవరికి ఒళ్లు వెచ్చగా ఉందని తోటి గార్డులు ఆటపట్టిస్తే, అవతల మంటుంటే ముందు తలుపే చెబుతుందని నవ్వేవాడు.

డ్యూటీ మారేటప్పుడు ఎక్కేవాడు దిగేవాణ్ణి "చూశావా?" అంటాడు. తన కాళ్లతో అంతా తిరిగి వచ్చినవాడే "చూశాను" అనాలి. ఆ పద్ధతి పెట్టింది డాక్టరే.

గుడ్డలు పోతున్నాయని యాజమాన్యం వెనక ఇనప తలుపుకు బయటి నుంచి గొలుసూ తాళమూ వేయించింది. ముందు తలుపు కాక లోపలివాళ్లకు ఉన్న దారి అదొక్కటే. తీయించమని డాక్టరు ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు. ఇంతలో అధికారులు తనిఖీకి వస్తున్నారని తెలిసింది. దారులన్నీ చూశాను, తెరిచే ఉన్నాయని వాళ్లకు చెప్పమని సూపర్‌వైజరు ఆయన్ని పక్కకు పిలిచి బతిమాలాడు. సూపర్‌వైజరు ఆయనకు స్వయానా బావమరిది. ఈ పనిలో పెట్టించిందీ అతనే.

"ఒక్క మాటే కదా బావా. నువ్వంటే నమ్ముతారు."

"అందుకేరా అననిది."

"నా పొట్ట కొడతావా?"

"లోపల కుట్టేది మీ అక్కరా."

 బావమరిది విజిలూ టోపీ అక్కడ పెట్టి వెళ్లమన్నాడు.

పని మానేయమంటే భార్య వినలేదు. చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు, తను లోపల ఉండగా గొలుసు ఉంచుతాడా అంది.

మర్నాడు పొద్దున ఆమెను దింపి గేటు బయటే నిలబడిపోయాడు. అవతల డ్యూటీ మారుతోంది. దిగేవాడు కుర్చీలోంచి లేవకుండానే, బూటు లేసు విప్పుకుంటూ "చూశాను" అన్నాడు. ఆ మాట అంత తేలిగ్గా పలకడం డాక్టరు ఎన్నడూ వినలేదు.

గోడ వెంబడి వెనక సందులోకి నడిచాడు. గొలుసు అలాగే ఉంది. ఆ తలుపు అవతలే తుక్కు గుడ్డల మూటలు పేరుస్తారు. వాటికి అవతల మిషన్లు హోరుమంటున్నాయి. అలవాటు కొద్దీ చేతి వెనక వైపు ఆనించాడు.

సందులోకి ఎండ ఇంకా రాలేదు. ఇనుము వెచ్చగా ఉంది.

చెయ్యి మార్చి చూశాడు. భార్యను పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. ఆ హోరులో ఎవరికీ వినపడలేదు. చేతికందిన రాయి తీసుకుని తాళం మీద కొట్టాడు. తాళం కదల్లేదు. మళ్లీ కొట్టాడు.

లోపల మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోసాగాయి.